చెంచాడు నూనె, వేల దెబ్బలు

*కొత్త బ్యాట్‌ను ఆటకు సిద్ధం చేయడం ఒక ఎత్తు. దక్కన్ ఎండల్లో దాన్ని పగలకుండా కాపాడుకోవడం మరో ఎత్తు. నూనె ఎప్పుడు పట్టించాలి, ఎంత పట్టించాలి, ఎక్కడ ఆపాలి?*

టక్... టక్... టక్.

ఏప్రిల్ సాయంత్రం. సికింద్రాబాద్‌లో ఓ అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర పన్నెండేళ్ల పిల్లాడు కొత్త బ్యాట్‌ను ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కొయ్య సుత్తితో కొడుతున్నాడు. పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద తాత. ఆయన చేతిలో చిన్న నూనె సీసా, పాత బనియన్ ముక్క. రెండో అంతస్తు బాల్కనీలోంచి ఎవరో తొంగి చూసి, విసుక్కుని తలుపు వేసుకున్నారు.

"ఇంకెంతసేపు కొట్టాల తాతా?"

"చప్పుడు మారేదాంక కొట్టాలె బిడ్డా."

"ఇంకింత నూనె పోస్తే జల్దీ గట్టిపడదా?"

"నూనెతోని గట్టిపడదురా. దెబ్బలతోని గట్టిపడ్తది." తాత సీసా మూత బిగించి జేబులో వేసుకున్నాడు.

వేసవి శిబిరాలు మొదలయ్యే వేళ క్రికెట్ పిల్లలున్న ఇళ్లలో ఇలాంటి సంభాషణ ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉంటుంది. వేలు పోసి కొన్న బ్యాట్ నెల తిరక్కుండా అంచు పగిలితే తప్పు దుకాణానిదనో, చెక్కదనో అనుకుంటారు. చాలాసార్లు కారణం వేరు. నూనె అతిగా తాగించి ఉంటారు, నాకింగ్, అంటే సుత్తితో కొట్టి గట్టిపరిచే పని, సగంలో ఆపేసి ఉంటారు, లేదంటే ఎండలో కారు డిక్కీలో వదిలేసి ఉంటారు.

కొలబద్ద మైదానంలోకి వచ్చింది

బ్యాట్ గురించిన చర్చ ఇటీవల డ్రెస్సింగ్ రూమ్ దాటి బయటికొచ్చింది. 2025 ఐపీఎల్‌లో బ్యాటర్ క్రీజులోకి రాగానే అంపైర్లు చట్రంలాంటి కొలబద్ద తీసి బ్యాట్‌ను అందులోంచి దూర్చి చూడటం టీవీ ముందున్న వాళ్లందరికీ కనిపించింది. అంతకుముందు ఈ తనిఖీ తెర వెనక జరిగిపోయేది. అంచులు ఎంత లావుగా ఉండొచ్చన్న పరిమితి మాత్రం 2017లోనే క్రికెట్ నిబంధనల్లో చేరింది.

లావుగా కనిపిస్తూనే చేతికి తేలిగ్గా ఉండే బ్యాట్ కావాలన్నది నేటి ఆటగాళ్ల కోరిక. అలాంటి బ్యాట్ చేయాలంటే చెక్కలో తేమ తక్కువగా ఉండాలి. తేమ తగ్గేకొద్దీ చెక్క తేలికవుతుంది, దాంతోపాటే పెళుసుబారుతుంది. అందుకే పాతకాలపు బరువైన బ్యాట్ ఓర్చుకున్న నిర్లక్ష్యాన్ని కొత్త బ్యాట్ ఓర్చుకోదు.

> నిబంధనల్లో బ్యాట్
> • మొత్తం పొడవు 96.52 సెంటీమీటర్లు (38 అంగుళాలు) మించకూడదు.
> • వెడల్పు 10.8 సెం.మీ., లోతు 6.7 సెం.మీ., అంచు మందం 4 సెం.మీ. మించకూడదు.
> • బ్లేడ్ చెక్కతోనే ఉండాలి. 1979 డిసెంబర్‌లో పెర్త్ టెస్టులో డెనిస్ లిల్లీ అల్యూమినియం బ్యాట్‌తో దిగి వివాదం రేపాడు. ఆ తర్వాతే నిబంధనల్లో చెక్క తప్పనిసరి అయింది.
> • రక్షణ కోసం అతికించే షీటు మందం 1 మిల్లీమీటరు దాటకూడదు.

ఏటి ఒడ్డు చెట్టు, దక్కన్ ఎండ

బ్యాట్‌కు నూనె ఎందుకు కావాలో తెలియాలంటే ముందు ఆ చెక్క సంగతి తెలియాలి. మేలురకం బ్యాట్లు చేసే విల్లో చెట్టు ఇంగ్లండ్‌లో, ముఖ్యంగా ఎసెక్స్, సఫోక్ ప్రాంతాల్లో నీటివసతి ఉన్నచోట పెరుగుతుంది. కోతకు రావడానికి సుమారు 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. దుంగను పొడవునా చీల్చి, ముక్కల కొనలకు మైనం పూస్తారు. మైనం లేకపోతే చెమ్మ కొనల్లోంచి గబగబా ఆరిపోయి చెక్క బీటలు వారుతుంది. చెమ్మ ఒక్కసారిగా పోకుండా చూసుకోవడమన్నది అలా చెట్టు కొట్టిన నాడే మొదలవుతుంది.

ఆరబెట్టిన ఆ ముక్కలు మీరట్, జలంధర్ కార్ఖానాలకు చేరతాయి. దేశ విభజన వేళ సియాల్‌కోట్ నుంచి తరలివచ్చిన క్రీడా సామగ్రి తయారీదారుల వల్ల ఈ రెండు ఊళ్లు ఈ పరిశ్రమకు కేంద్రాలయ్యాయి. అక్కడ చెక్కను చెక్కి, యంత్రపు రోలర్ల కింద బ్లేడ్ ముఖాన్ని నొక్కుతారు. ఈ ఒత్తిడికి పైపొర గట్టిపడుతుంది. బంతి మొదటి దెబ్బ తగిలేది ఆ పొరకే. హ్యాండిల్ మాత్రం విల్లో కాదు, బెత్తం. బెత్తం పుల్లల మధ్య రబ్బరు పెట్టి కలిపి, బ్లేడ్ పైభాగంలో 'వి' ఆకారంలో కోసిన గాడిలో జిగురుతో దించుతారు. ఆ అతుకును స్ప్లైస్ అంటారు.

తక్కువ ధరలో దొరికేది కశ్మీర్ విల్లో. అది ఇంగ్లిష్ విల్లో కన్నా బరువు, గట్టిదనం ఎక్కువ. దానితో ఆడితే బంతి అంత చురుగ్గా ఎగిరిపోదు. నేర్చుకునే పిల్లల చేతుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఏ రకమైనా చల్లటి, తేమగల నేల మీద పుట్టిన చెక్కే. అది ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే పొడి ఎండలోకి వచ్చి పడుతుంది. జూన్ రాగానే వానలు, తడి పచ్చిక, గాలిలో చెమ్మ. ఏటా చెక్క ఇలా బిగుసుకుంటుంది, ఉబ్బుతుంది. బ్యాట్ సంరక్షణ అంటే ఈ మార్పు నెమ్మదిగా జరిగేలా చూడటమే.

నూనె చేసే పని, చేయలేని పని

బ్యాట్‌కు వాడేది పచ్చి అవిసె నూనె. ఇంట్లో కారప్పొడి కొట్టుకునే అవిసె గింజల నూనే ఇది. దీనికో ప్రత్యేక గుణం ఉంది. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. చెక్క పైపొరలోకి దిగి అక్కడే పలుచటి పొరలా నిలుస్తుంది. కొబ్బరి నూనె, వేరుశెనగ నూనె అలా గట్టిపడవు, జిడ్డుగానే మిగిలిపోతాయి.

ఆ పొర వల్ల రెండు లాభాలు. చెక్కలోని తేమ ఒక్కసారిగా బయటికి పోదు, బయటి చెమ్మ ఒక్కసారిగా లోపలికి రాదు. పైనున్న నారలు కాస్త మెత్తబడి, బంతి తగిలినప్పుడు చిట్లకుండా అణుగుతాయి. నూనె చేసే పని ఇంతే. అది చెక్కకు బలం ఇవ్వదు, షాట్‌కు వేగం ఇవ్వదు. అతిగా తాగితే బ్లేడ్ బరువెక్కుతుంది, బంతి తగిలినప్పుడు మొద్దు చప్పుడు వస్తుంది, ఎగిరే గుణం చస్తుంది.

ఎక్కువ నూనె పోసే అలవాటు పాత తరం నుంచి వచ్చింది. అప్పటి బ్యాట్లకు ముఖం మీద షీటు ఉండేది కాదు. తడి నుంచి కాపాడటానికి నూనె తప్ప దారి లేదు. ఇప్పుడు చాలా బ్యాట్ల ముఖాన్ని పారదర్శక షీటు కాపాడుతోంది. పరిస్థితి మారినా అలవాటు మిగిలింది.

> సికింద్రాబాద్ ఇన్నింగ్స్
> 1806లో ఏర్పడిన కంటోన్మెంట్ పట్టణానికి క్రికెట్ సైన్యంతోపాటే వచ్చింది. 1930-31లో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్‌తో జింఖానా మైదానం దేశవ్యాప్తంగా పేరు తెచ్చుకుంది. మిథాలీ రాజ్ పెరిగింది, ఆట నేర్చింది ఈ ఊళ్లోనే. ఉద్యోగం చేసింది దక్షిణ మధ్య రైల్వేలో. 1999లో ఐర్లండ్‌పై ఆడిన తొలి వన్డేలోనే అజేయంగా 114 పరుగులు, 2002లో ఇంగ్లండ్‌పై టాంటన్ టెస్టులో 214 పరుగులు చేసింది.

ఎప్పుడు పట్టించాలి?

క్యాలెండర్ చూసి కాదు, బ్యాట్ చూసి. కొత్త బ్యాట్‌కు నాకింగ్ మొదలుపెట్టే ముందు నూనె కావాలి. కంపెనీవాళ్లే నూనె పెట్టి పంపితే చీటీ మీద ఆ సంగతి రాసి ఉంటుంది, అప్పుడు ఒక పలుచటి పూత చాలు. ఆ తర్వాత చెక్కే అడుగుతుంది. ముఖం పాలిపోయి తెల్లబారినట్టు కనిపించడం, వేలితో రాస్తే గరగరలాడటం, చెక్క పొడవునా ఉండే గ్రెయిన్ గీతల వెంట వెంట్రుకవాసి నెర్రెలు తేలడం దప్పిక గుర్తులు. చెక్క నున్నగా ఉండి లేత తేనె రంగులో మెరుస్తుంటే సీసా మూత తీయనక్కర్లేదు.

ఆట లేని రోజులకు ముందు మరో పూత అవసరం పడొచ్చు. వానల్లో నెలల తరబడి బ్యాట్ పక్కన పెట్టేటప్పుడు, మళ్లీ బయటికి తీసేటప్పుడు ఒకసారి పరీక్షగా చూడాలి. షీటు అతికించిన బ్యాట్ అయితే ముఖం మీద నూనె రాసి లాభం లేదు. అది లోపలికి దిగదు, షీటు అంచు కిందికి పాకి జిగురును వదిలిస్తుంది. అలాంటి బ్యాట్‌కు వెనక వైపు, తెరిచి ఉన్న అంచులు, టో (బ్లేడ్ కింది కొన) మాత్రమే చూసుకోవాలి.

> గుల్‌మార్గ్ మంచు, సంగమ్ చెక్క
> బ్యాట్లకు పేరుబడ్డ సంగమ్, మంచు మీద జారే స్కీ ఆటకు పేరుబడ్డ గుల్‌మార్గ్ రెండూ కశ్మీర్‌లోనివే. స్కీల అడుగుకు మైనం పట్టిస్తారు. అడుగు తెల్లబారి పొడిగా కనిపిస్తే మైనం వేళయినట్టు. బాగా చల్లటి మంచుకు గట్టి మైనం, కరుగుతున్న మంచుకు మెత్తటి మైనం. ఇస్త్రీపెట్టెలాంటి దానితో కరిగించి పట్టిస్తారు, చల్లారాక పైన మిగిలిందంతా గీకేస్తారు. అక్కడా గుర్తు తెల్లబారడమే, అక్కడా మిగులు తుడిచేయాల్సిందే.

ఎలా పట్టించాలి?

ముందు సరైన సీసా ఎంచుకోవాలి. హార్డ్‌వేర్ దుకాణంలో రంగుల్లో కలపడానికి అమ్మే 'డబుల్ బాయిల్డ్' అవిసె నూనె వేరు. త్వరగా ఆరడానికి అందులో మందులు కలుపుతారు. అది చెక్కలోకి దిగకముందే పైన అట్టకడుతుంది. బ్యాట్‌కు కావాల్సింది 'రా లిన్సీడ్ ఆయిల్' అని రాసి ఉన్నది. క్రీడా సామగ్రి దుకాణాల్లో చిన్న సీసాల్లో దొరుకుతుంది.

బ్లేడ్‌ను పొడి గుడ్డతో తుడిచి, పాత బ్యాట్ అయితే సన్నటి ఉప్పుకాగితంతో మురికి పొరను తేలిగ్గా రుద్ది తీయాలి. ఒక పూతకు టీస్పూను నూనె, అంటే సుమారు 5 మిల్లీలీటర్లు, చాలు. అది ఐదు గ్రాములు కూడా తూగదు. గుడ్డకు అంటించి ముఖం, అంచులు, టో, వెనక వైపు పలుచగా రాయాలి. స్టిక్కర్ల మీద, హ్యాండిల్ మీద, స్ప్లైస్ మీద నూనె పడకూడదు. స్టిక్కర్ ఊడితే పోయేది అందమే. స్ప్లైస్‌లోకి నూనె దిగితే జిగురు పట్టు సడలి హ్యాండిల్ కదులుతుంది.

తర్వాత ముఖం పైకి ఉండేలా బ్యాట్‌ను బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టి ఒక రోజు వదిలేయాలి. గోడకు నిలబెట్టకూడదు. నిలబెడితే నూనె టో వైపు జారి అక్కడే గుమిగూడుతుంది. గిన్నెలో నూనె పోసి రాత్రంతా టోను ముంచి ఉంచడం ఇంకా పెద్ద తప్పు. నిలువుగా ఉన్న నారలు దీపం వత్తిలా నూనెను పైకి పీల్చేస్తాయి, అడుగు బరువెక్కి బ్యాట్ సమతూకమే మారిపోతుంది.

మర్నాడు చేతికి జిడ్డు తగిలితే మిగులు తుడిచేయాలి. ఆరితే అంతకన్నా పలుచగా రెండో పూత. చెక్క బాగా పొడిగా ఉంటేనే మూడోది. షీటు అతికించాలనుకుంటే నూనె పూర్తిగా ఇంకడానికి కొన్ని రోజులు ఆగాలి.

> ఆ గుడ్డ జాగ్రత్త!
> అవిసె నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. చెక్క మీద పలుచగా ఉన్నప్పుడు ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే వేడి లోపలే పేరుకుని, నిప్పు తగలకుండానే అంటుకోవచ్చు. గుడ్డను విప్పి ఆరుబయట విడిగా ఆరేయాలి, లేదంటే నీళ్లలో తడిపి పారేయాలి. పిల్లలున్న ఇంట్లో ఈ పని పెద్దల చేతి మీదుగానే జరగాలి.

చప్పుడు మారేదాకా

నూనె ఇంకాక అసలు పని మొదలవుతుంది. కార్ఖానాలో నొక్కిన పొర ముఖం మధ్యలోనే బాగా గట్టిపడి ఉంటుంది. అంచులు, టో వైపు ఇంకా మెత్తగానే ఉంటాయి. నాకింగ్ అంటే ఆ మెత్తటి చోట్ల నారలను కొద్దికొద్దిగా అణచి, ఒకదానిలో ఒకటి అల్లుకునేలా చేయడం. దీనికి కొయ్య సుత్తి, అంటే మ్యాలెట్, కావాలి. అది లేకపోతే సాక్సులో వేసి కట్టిన పాత తోలు బంతి. ఇనుప సుత్తి ఎప్పుడూ వద్దు.

మొదట తలుపు తట్టినంత మెత్తగా, ముఖమంతా సమానంగా కొట్టాలి. పదిహేను నిమిషాలకోసారి విరామం. రోజులు గడిచేకొద్దీ దెబ్బ బలం పెంచాలి. బంతి ఎక్కువగా తగిలే మిడిల్ మీద కాస్త ఎక్కువ సమయం పెట్టాలి. అంచుల దగ్గర సుత్తిని సుమారు 45 డిగ్రీలు వంచి కొట్టాలి. అలా కొడితే పదునుగా ఉన్న మూల గుండ్రంగా అణుగుతుంది. బ్యాట్ పక్క నుంచి అంచు మీద సూటిగా కొట్టకూడదు, కింద టో అడుగున అసలే కొట్టకూడదు. మ్యాచ్‌లో బంతి ఎప్పుడో ఒకసారి అక్కడ తగులుతుందని ముందే అక్కడ బాదడం చేజేతులా పగలగొట్టడమే.

చాలా కంపెనీలు ఆరు గంటల దాకా నాకింగ్ చేయమంటాయి. నిమిషానికి యాభై దెబ్బలనుకున్నా 18,000 దెబ్బలు. ఇరుగుపొరుగు ఓపికకూ ఇది పరీక్షే. డబ్బు తీసుకుని యంత్రంతో నాకింగ్ చేసిపెట్టే దుకాణాలూ ఉన్నాయి. యంత్రం ముఖాన్ని బాగానే చూసుకుంటుంది కానీ అంచుల వంపు దగ్గర చేతిపని మిగిలే ఉంటుంది.

పని పూర్తయిందో లేదో చెప్పేది చెవి. మొదట్లో మెత్తగా 'డబ్'మన్న చప్పుడు పోనుపోను 'టక్'మని ఖణేల్‌మంటుంది. కంటికి కూడా ఒక పరీక్ష ఉంది. పాత తోలు బంతితో మెల్లగా కొట్టి చూడాలి. కుట్టు అచ్చు చెక్క మీద లోతుగా పడితే ఇంకా కొన్ని గంటలు మిగిలినట్టు. అచ్చు పడకపోతే త్రోడౌన్లకు, అంటే దగ్గర నుంచి చేత్తో విసిరే బంతులకు, వెళ్లొచ్చు, తర్వాత నెట్స్‌లో పాత బంతికి, చివరగా కొత్త బంతికి. ఈ వరస తప్పి, కొన్న మర్నాడే గట్టి కార్క్ బంతి ముందు నిలబెట్టిన బ్యాట్లే ఎక్కువగా అంచులు పోగొట్టుకుంటాయి.

ఎండకాలం, వానాకాలం, చలికాలం

*ఎండకాలం.* పొద్దున్నే నెట్స్ ముగించుకుని కిట్ బ్యాగ్‌ను కారు డిక్కీలోనో, స్కూటర్ మీద ఎండలోనో సాయంత్రం దాకా వదిలేయడం మామూలే. మూసిన కారు లోపల వేడి బయటికన్నా చాలా ఎక్కువ. చెక్కలోని చెమ్మ కొన్ని గంటల్లో ఎగిరిపోతుంది. స్లాబ్ కింద అటక మీద పెట్టినా అంతే. గాలి ఆడే చల్లటి గదిలో, గోడ మూలన పొడిగా ఉన్నచోట పెట్టాలి. నీళ్లు చిందే కూలర్ పక్కన, గాలి నేరుగా తగిలే ఏసీ ఎదురుగా కూడా మంచిది కాదు.

*వానాకాలం.* ఇప్పుడు శత్రువు టో దగ్గర పొంచి ఉంటుంది. బ్యాటర్ నిలుచుని టోతో నేలను తట్టిన ప్రతిసారీ తడి నారల్లోకి ఎక్కుతుంది, టో ఉబ్బి పగులుతుంది. రబ్బరు టో గార్డు అతికించుకుంటే చాలావరకు ఆగుతుంది. తడిసిన బ్యాట్‌ను తుడిచి నీడలో ఆరబెట్టాలి. హెయిర్ డ్రయ్యర్, పొయ్యి సెగ పనికిరావు. తడిగా ఉండగా ప్లాస్టిక్ కవర్‌లో దూర్చకూడదు, నూనె కూడా పెట్టకూడదు. చెమ్మ లోపలే చిక్కుకుపోతుంది.

*చలికాలం.* ఆట ఎక్కువ, గాలి పొడి. దప్పిక గుర్తులు కనిపిస్తే ఒక్క పలుచటి పూత, అరగంట నాకింగ్. కనిపించకపోతే ఏమీ వద్దు. ఇంట్లో డిజిటల్ త్రాసు ఉంటే కొన్న రోజు బరువును హ్యాండిల్ మీద పెన్సిల్‌తో రాసుకుని అప్పుడప్పుడూ తూచి చూడటం మంచి అలవాటు. పెద్దల బ్యాట్లు చాలావరకు 1,150 నుంచి 1,250 గ్రాముల మధ్య ఉంటాయి. బరువు పెరుగుతూ పోతోందంటే తేమో, నూనో ఎక్కువైనట్టే. పిల్లల తేలిక బ్యాట్‌లో ఆ తేడా మణికట్టుకు మరీ త్వరగా తెలుస్తుంది.

పగిలితే?

ఆడే బ్యాట్ ముఖం మీద సన్నటి గీతలు పడటం సహజం. అవి జబ్బు కాదు. చెక్క పెచ్చు లేస్తే ఉప్పుకాగితంతో చదును చేసి, చెక్క జిగురు పెట్టి, ఆరాక ఫైబర్ టేపు చుడితే చాలు. నూనె ఎప్పుడూ అతుకు పని అయ్యాకే. నూనె తాగిన చోట జిగురు అంటదు. టో ఊడినా, అంచు లోపలి దాకా చీలినా పని తెలిసినవాళ్ల చేతికి ఇవ్వాలి. హ్యాండిల్ విరిగితే కొత్తది వేయించుకోవచ్చు, బ్లేడ్ బాగుంటే ఆ ఖర్చు దండగ కాదు.

మిడిల్‌లో తగిలినా బంతి చచ్చినట్టు పడుతూ, చప్పుడు మళ్లీ 'డబ్'మనే దగ్గరికి వచ్చిందంటే నారలు లోపల నలిగిపోయినట్టు. దానికి ఏ నూనె పోసినా, ఎన్ని దెబ్బలు కొట్టినా తిరిగి రాదు. అలాంటి బ్యాట్ ఇంట్లో తమ్ముడి చేతికో, గల్లీలో టెన్నిస్ బంతి ఆటకో దిగుతుంది. అక్కడ దానికి సీసాతో, సుత్తితో పని లేదు.